మడత విప్పని సంచి

పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ టేపు చుట్టేసి, "ఇరవై తొమ్మిది అంగుళాలు. వయసు ఏడాదిన్నర ఉంటుంది. అంతకు మించి ఉండదు" అంది.

మా అక్క బల్ల మీద పరిచిన తువ్వాలు అంచు సర్దుతూ నిలబడింది. చేతికి ఏ గుడ్డ దొరికినా అంచు సర్దకుండా ఉండలేదు మా అక్క. ఆ తువ్వాలు మీద పాము చుట్టుకుని పడుకుని ఉంది. నారింజ రంగు ఒళ్ళు, వీపు పొడుగునా ఎర్రటి మచ్చలు. దాన్ని కార్న్ స్నేక్ అంటారు. కడుపు కింద మొక్కజొన్న గింజలు పేర్చినట్టు నలుపూ తెలుపూ గళ్ళుంటాయి. దానికి విషం లేదని అందరూ చెప్పారు. ఆ సంగతి నా కాళ్ళకి మాత్రం ఎవరూ చెప్పలేదు, అందుకే నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

మూడు వారాలుగా పాము ఏమీ తినలేదు. తోకవైపు కడుపులో నాలుగైదు ఉబ్బులు చేతికి తగులుతున్నాయి.

"పెద్ద పామైతే గుడ్లనుకునేదాన్ని" అంది డాక్టరమ్మ. "మగపాము లేకపోయినా కొన్ని వట్టి గుడ్లు పెడతాయి. కానీ ఇది పిల్ల కదమ్మా. దీనికి గుడ్లేంటి? లోపల గడ్డలైనా ఉండాలి, తిన్నదేదో అడ్డమైనా పడి ఉండాలి. కోసి చూడాల్సిందే."

"కోస్తే బతుకుతుందా?" అంది అక్క.

"సగం సగం. గడ్డలైతే, కోయకపోతే ఆ సగం కూడా లేదు."

"గుడ్లైతే?"

"గుడ్లైతే ముందే కోయక్కర్లేదు. వెచ్చగా, తడిగా ఉంచి ఆగొచ్చు. స్కానింగు మిషనుంటే ఇప్పుడే తేలిపోయేది. అది ఇక్కడ లేదు. ఉన్నచోటికి అయిదు గంటల ప్రయాణం, ఇది తట్టుకోలేదు."

అంటే మొత్తం వ్యవహారం పాము వయసు దగ్గర ఆగింది. పిల్లయితే కత్తి, పెద్దదైతే ఓపిక. అయిదింటికి ఆపరేషన్ అన్నారు. అప్పటికి మూడున్నర. కాంపౌండరు ఒప్పుదల కాగితం తెచ్చి ముందు పెట్టాడు. పేరు, చిరునామా, వయసు. వయసు దగ్గర అక్క నలభై ఏడు అని రాసింది. నా వయసూ అదే. కాగితాల ప్రకారం మేమిద్దరం కవలలం.

నిజానికి అక్క నాకంటే రెండేళ్ళు పెద్ద. చిన్నప్పుడు మా బడిలో పుట్టినరోజు కాగితాలు అడిగేవాళ్ళు కాదు. హెడ్మాస్టరు పిల్లల్ని వరసగా నిలబెట్టి, కుడి చెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమనేవాడు. అందితే బడి ఈడు వచ్చినట్టు, అందకపోతే వచ్చే ఏడు రమ్మన్నట్టు. అక్క చెయ్యి అందలేదు. మరుసటి ఏడూ అందలేదు. మూడో ఏడు అమ్మ అక్కతో పాటు నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళింది. నా చెయ్యి చులాగ్గా అందింది, అక్కది కొనవేళ్ళతో అందింది. హెడ్మాస్టరు ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూసి, ఎత్తు ఒకటే కదా అని ఒకే తేదీ రాసేశాడు. అమ్మ నోరు తెరిచేలోపు వరసలో తరవాతి పిల్లాణ్ణి పిలిచాడు.

అక్క ఆ తరవాత కూడా పెద్దగా ఎదగలేదు. బట్టలు సరిచేసే దుకాణం పెట్టాక వీధిలో అందరూ "గుండీ" అని పిలవడం మొదలుపెట్టారు. పొట్టివాళ్ళకి పుట్టెడు బుద్ధులంటారు, మా అక్క విషయంలో అది లెక్క తక్కువ. కుట్టు అక్కది, ఇస్త్రీ నాది. ఇరవై మూడేళ్ళుగా ఒకే గదిలో పోట్లాడుకుంటూ బతుకుతున్నాం.

మా పక్కగదిలో ఒకాయన రంగు చేపలు అమ్మేవాడు. కిందటేడు దుకాణం ఎత్తేస్తూ, చేపలన్నీ పోగా మిగిలిన ఈ పామును గాజుపెట్టెతో సహా మా గుమ్మంలో పెట్టాడు. "నాలుగు నెలల పిల్లమ్మా, మీలాగే బుజ్జిది" అన్నాడు. నేను వద్దంటే వద్దన్నాను. అక్క వినలేదు. దాని కుడికంటి పైన పొలుసుల్లో సన్నని చీలిక ఉంది. చొక్కాలో గుండీ దూర్చే రంధ్రాన్ని మా పనిలో కాజా అంటాం. ఆ చీలిక చూసి పాముకి కాజా అని పేరు పెట్టింది. గుండీకి కాజా తోడు దొరికిందని నేనే వీధంతా చెప్పి నవ్వించాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఆ గాజుపెట్టె ముందు కూర్చుని అక్క రోజూ కబుర్లు చెబుతుందని, నాతో చెప్పనివి కూడా చెబుతుందని నాకు తెలుసు.

"కాసేపు సంచిలో వెయ్యండమ్మా, బల్ల తుడవాలి" అంటూ కాంపౌండరు పాము సంచి అందుకుని ఆగిపోయాడు. "ఇదేంటి, గొడుగు తొడుగా?"

ఆ సంచి మా వీధిలో పాత నవ్వులాట. ఎప్పుడో ఒకసారి చేపలాయన తన దగ్గరున్న ఒక పామును తీసుకెళ్ళడానికి గుడ్డసంచి కుట్టమన్నాడు. పాము చుట్టుకుని పడుకుంటుంది, చిన్న మూటసంచి చాలు. మా అక్కకి కొలత లేకుండా కత్తెర ఆడదు కదా, పామును బల్ల మీద సాగదీయించి, టేపు పెట్టి కొలిచి, దాని పొడవుకి సరిపడా సన్నటి గొట్టంలాంటి సంచి కుట్టి ఇచ్చింది. పాముకి ప్యాంటు కుట్టావని నెల రోజులు ఏడిపించాను. కిందటేడు కాజాతో పాటు ఆ సంచీ తిరిగొచ్చింది.

అక్క సంచి లాక్కుని అడుగు తిరగేసి చూసింది. లోపలికి మడిచి కుట్టిన కుట్టు అలాగే ఉంది.

"ఒరే తమ్ముడూ, ఇది కుట్టి ఎన్నాళ్ళయింది?"

"నాకేం తెలుసు? చాలా ఏళ్ళయింది."

"అప్పటి పామేదో అమ్మేశాడనుకున్నా. ఇది ఆ పామే అయితే?"

డాక్టరమ్మ మెత్తగానే అంది. "సంచి పాతదైతే పామూ పాతదవ్వాలని లేదమ్మా. దాని పొడవూ, అతను చెప్పిన వయసూ సరిగ్గా కలిశాయి కదా."

"నా పుస్తకంలో ముక్క ఉంది డాక్టరమ్మా. నేను ఏది కుట్టినా ఆ గుడ్డ ముక్క పుస్తకంలో గుచ్చిపెడతా. ఆ రోజు గుడ్డ ముక్క గుచ్చుతుంటే చేపలాయన వేళాకోళానికి పాము కుబుసం ఇచ్చాడు. తల దగ్గరిది. అది కూడా గుచ్చా." అక్క నా వైపు తిరిగింది. "పరిగెత్తు. ఆకుపచ్చ కర్టెన్ గుడ్డ అట్ట వేసిన పుస్తకం. అయిదు లోపు రావాలి."

"ఫోన్ చేసి చేపలాయన్నే అడగొచ్చుగా?"

"ఆ నంబరు పనిచేసి ఏడాదయింది. వెళ్ళరా!"

వెళ్ళాను. నలభై ఏడేళ్ళ మనిషి నడివీధిలో పరిగెడితే జనం చూసే చూపు ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. తాళం తీసి, ఇస్త్రీ బల్ల కింద ఉన్న కొలతల పుస్తకాలన్నీ బయటికి లాగాను. ఇరవై రెండు ఉన్నాయి. ఒక్కదాని మీదా సంవత్సరం లేదు. అక్క మిగిలిపోయిన గుడ్డతో అట్టలు వేస్తుంది, ఆ గుడ్డే ఆమె క్యాలెండరు. ఆకుపచ్చవి మూడు తేలాయి. మొదటిది అంతా బడిపిల్లల నిక్కర్లు. రెండోదాంట్లో పేజీలు చెమ్మకి అంటుకుపోయాయి. విడదీస్తే చిరుగుతున్నాయి, విడదీయకపోతే తెలియదు. గోడ గడియారం నాలుగుంబావు దాటింది. ఆ పామంటే నాకు గిట్టదు, కానీ అది పోతే అక్క మొహం ఎలా ఉంటుందో నేను చూడలేను. నా భయమంతా అదే.

మూడో పుస్తకంలో దొరికింది. అక్క గుండ్రటి రాతలో తేదీ, దాని కింద ఇలా ఉంది: "పాము, ఒకటి. పొడవు 18. నడుము ఎక్కడో తెలియలేదు. పిల్లది, ఎదుగుతుంది. లోపల 4 మడత వదిలాను."

పక్కన గుండుసూదికి ఉల్లిపొరలాంటి ముక్క వేలాడుతోంది. ముట్టుకోవడానికి ఒళ్ళు జలదరించింది. పుస్తకం మూసి, రొమ్ముకి హత్తుకుని మళ్ళీ పరుగు తీశాను.

నేను వెళ్ళేసరికి అయిదుకి ఎనిమిది నిమిషాలుంది. కాజాను మత్తు ఇచ్చే పెట్టెలో పెట్టేశారు. ఆ పెట్టె మూత మీద అక్క రెండు చేతులూ ఆన్చి నిలబడి ఉంది. కాంపౌండరు గొట్టం పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు.

డాక్టరమ్మ భూతద్దం తెచ్చింది. కుబుసం ముక్కను తెల్లకాగితం మీద పరిచి చాలాసేపు చూసింది, తరవాత కాజా తల చూసింది, మళ్ళీ ముక్క చూసింది.

"కుడికన్ను పైన మూడు పొలుసులు కలిసిపోయి, మధ్యలో చీలిక. రెండింట్లోనూ ఒకటే" అంది చివరికి. పుస్తకంలో తేదీ వేలు పెట్టి చదివింది. "ఆరేళ్ళ రెండు నెలల కిందటిది. అప్పటికే పద్దెనిమిదంటే, ఇప్పుడు దీనికి ఆరు దాటి ఏడు నడుస్తుండాలి. మీ దగ్గరికొచ్చినప్పుడు ఎంత ఉంది?"

"ఇరవై రెండు. వచ్చిన రోజే కొలిచా."

"అయిదేళ్ళలో నాలుగంగుళాలు. మీ దగ్గర ఏడాదిలో ఏడు. పిల్ల అంటే త్వరగా అమ్ముడుపోతుందని, పెరిగితే పెద్ద పెట్టె కావాలని అతను తిండి మాడ్చి ఉంటాడు. నేను పొడవు చూసి వయసు చెప్పాను. తిండి పెడితేనే కదా పొడవు."

"పెట్టకపోతే చెయ్యి చెవి దాకా పోదు డాక్టరమ్మా" అంది అక్క.

డాక్టరమ్మకి ఆ మాట అర్థం కాలేదు. నాకు అర్థమైంది. చిన్నప్పుడు పాలు వాసనంటూ అక్క తన గ్లాసు రోజూ నా వైపు జరిపేది. ఇప్పుడు రెండుపూటలా ఇష్టంగా పాలు తాగుతుంది. ఈ రెండు సంగతులూ నాకు ఎప్పటినుంచో తెలుసు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడడానికి ఇన్నేళ్ళు పట్టింది. సిగ్గుతో నాకు తల ఎత్తాలనిపించలేదు.

"గుడ్లే అయ్యుండొచ్చు. తప్పకుండా గుడ్లే అని మాత్రం చెప్పలేను" అంది డాక్టరమ్మ. "ఎల్లుండి సాయంత్రం దాకా ఆగుదాం. అప్పటికీ పెట్టకపోతే కోయాలి. కానీ అప్పటికి దాని సత్తువ ఇంకా తగ్గుతుంది. ఆలోచించుకోండి."

అక్క ఆలోచించలేదు. "ఆగుతాం" అంది.

ఆ రెండు రోజులూ దుకాణంలో మిషను తిరగలేదు. ప్లాస్టిక్ డబ్బాకి కన్నం పెట్టి, లోపల తడి నాచు నింపి, అడుగున సగం వరకు వెచ్చగా ఉండే ఏర్పాటు డాక్టరమ్మ చెప్పినట్టే చేశాం. కాజా మొదటి రాత్రంతా పెట్టెలో గోడ వెంబడి తిరుగుతూనే ఉంది. రెండో రోజు డబ్బాలోకి వెళ్ళి, బయటికొచ్చి, మళ్ళీ వెళ్ళింది. గిరాకీలు వచ్చి ప్యాంట్ల సంగతి అడిగితే నేను కసురుకున్నాను. అక్క ముక్కాలిపీట మీద కూర్చుని చేతిలో ఏదో కుట్టు విప్పుతూ ఉంది.

"అక్కా, గడ్డలే అయితే?"

"అయితే నేను చంపినట్టే. తెలుసు. ఊరుకో."

పాము చావకూడదు, కర్ర విరగకూడదు అని ఎన్నిసార్లు అని ఉంటానో. పాము చావకూడదని నిజంగా కోరుకోవడం మాత్రం నాకు అదే మొదలు.

మూడో రోజు మధ్యాహ్నానికి కూడా ఏమీ జరగలేదు. నాలుగింటికి ఆసుపత్రికి బయలుదేరాలి. రెండున్నరకి అక్క డబ్బా కన్నంలోంచి తొంగిచూసి, అలాగే ఉండిపోయింది. భయం మరిచిపోయి పెట్టె మీదకి వంగి నేనూ చూశాను. నాచులో పసుపుపచ్చగా, వేలెడంత గుడ్డు. దాని పక్కన ఇంకొకటి. నాలుగు దాటేసరికి అయిదు పెట్టింది. పిల్లలు రాని వట్టి గుడ్లే. ఆ అయిదింటినీ చూసి మా అక్క భోరున ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచడం ఎందుకు.

ఆ సాయంత్రం ఆసుపత్రిలో డాక్టరమ్మ కాజా కడుపు తడిమి చూసి, ఏమీ మిగల్లేదంది. కత్తి అక్కర్లేదంది. ఒప్పుదల కాగితం చింపేసి, కాంపౌండరుతో కొత్త కార్డు రాయించింది.

"పాము వయసు?"

"ఏడు నడుస్తోంది" అంది అక్క.

"మీ వయసు? మొన్న నలభై ఏడు అని రాశారు కదా, అదే వేస్తున్నా."

"అది వెయ్యకు బాబూ. నలభై తొమ్మిది." అక్క నన్ను చూపించింది. "వీడు మా తమ్ముడు. నాకంటే రెండేళ్ళు చిన్నోడు."

కాంపౌండరు కొట్టేసి, తిరిగి రాశాడు. అక్క కాజాను సంచిలోకి దింపి మూతి బిగించింది. అప్పుడు చూశాను, అడుగున మడత లేదు. ఆ రెండు రోజులూ అక్క విప్పుతూ కూర్చున్న కుట్టు అదే. సంచి నాలుగంగుళాలు సాగింది, విప్పిన చోట గుడ్డ రంగు వెలిసిపోకుండా కొత్తగా ఉంది.

"ఇలా ఇవ్వక్కా, నేను పట్టుకుంటాను" అన్నాను.

అక్క నన్నొకసారి ఎగాదిగా చూసి సంచి అందించింది. రెండు చేతులతోనూ పట్టుకుని ఆమె వెనకాలే మెట్లు దిగాను.