కూలర్ నీళ్ళు పారబోసిన స్వరూప

లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఉండే స్వరూప, యూనివర్సిటీ క్యాంపస్‌లో జియాలజీ శాఖ అటెండరు. విద్యార్థులు రాళ్ళు చూడ్డానికి ఊళ్ళు పట్టుకు తిరిగినప్పుడల్లా సుత్తులూ సంచులూ చూసుకోవడానికి ఆమె కూడా వెళ్తుంది. మూడేళ్ళ కిందట అలా వెళ్ళే డెంగీ తెచ్చుకుంది. ఎనిమిది రోజులు ఆస్పత్రిలో పడుకుంది. ప్లేట్‌లెట్లు పెరుగుతాయని చుట్టాలందరూ పోటీలు పడి బొప్పాయి ఆకు పసరు పట్టించారు. పెరిగినవి వాంతులే. దోమనైనా క్షమించింది గానీ ఆ చుట్టాల్ని ఇప్పటికీ క్షమించలేదు.

అప్పట్నుంచి ప్రయాణమంటే సంచిలో ముందు దోమతెర, ఆ తర్వాతే చీరలు. నిండు చేతుల జాకెట్టు, కాళ్ళకు సాక్సులు, మిగిలిన ఒంటికి దోమల క్రీము. విద్యార్థులు వ్యోమగామి అని పేరు పెట్టారు. ఆమె పట్టించుకోలేదు.

నిరుడు సెప్టెంబరులో ఖమ్మం వైపు వెళ్ళారు. శాఖాధిపతి అచ్యుతరామయ్య కూడా వచ్చారు. గెస్ట్‌హౌస్ కూలర్లలో పాత నీళ్ళు, వాటిలో దోమపిల్లలు ఈతలు కొడుతున్నాయి. వాచ్‌మన్ గొడవకొచ్చినా వినకుండా స్వరూప నీళ్ళన్నీ పారబోసింది. సార్ మాత్రం తన గది కూలర్ ముట్టుకోనివ్వలేదు. అది లేకపోతే మధ్యాహ్నం కునుకు పట్టదట. నిక్కరు వేసుకుని, బొజ్జ గాలికి వదిలి పడుకున్నారు.

“సార్, గా డెంగీ దోమ పగటిపూటనే కుడతది. తెర కట్టుకోండ్రి,” అంది స్వరూప.

“కోనసీమలో పుట్టినవాణ్ణి స్వరూపా. మా దోమల ముందు మీ దోమలెంత?” అన్నారాయన.

తిరిగొచ్చిన నాలుగో రోజు పెద్దమనిషికి జ్వరం. సంతకం కోసం తార్నాక ఫ్లాటుకెళ్ళిన స్వరూపకు, ఆయన దుప్పట్లో వణుకుతూ, మందుల షాపువాడిచ్చిన ఒంటినొప్పుల మాత్ర మింగబోతూ కనిపించారు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. శాఖాధిపతి చెయ్యి అటెండరు పట్టుకోవడం శాఖ చరిత్రలో అదే మొదటిసారి.

“గా గోలి మింగకుండ్రి. డెంగీల గసుంటి మాత్రతోని రక్తం కారుతదని డాక్టర్ చెప్పిండు. ముందు టెస్ట్ చేపిద్దాం.”

ఆయన భార్య శ్రీలలిత ఆటో పిలిచింది. ఇద్దరూ కలిసి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. డెంగీయే. ఆరు రోజులు సెలైన్ ఎక్కించారు. మూడో రోజు ప్లేట్‌లెట్లు బాగా పడిపోయేసరికి, తాను పోతే శాఖ ఏ దద్దమ్మ చేతిలో పడుతుందోనని సార్ కన్నీళ్ళు పెట్టుకున్నారు. స్వరూపకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఆస్పత్రిలో తను అలా ఏడ్చిన రోజు గుర్తొచ్చింది. పక్కన కూర్చుని గుక్కగుక్కగా నీళ్ళు తాగించింది. రాజోలు నుంచి బావమరిది పసరు సీసాతో వస్తే గుమ్మంలోనే ఆపేసింది.

కోలుకున్నాక సార్ చేసిన మొదటి పని సర్క్యులర్ రాయడం. టూర్‌లో నిండు చేతుల చొక్కా వెయ్యాలి, పగలు పడుకున్నా తెర కట్టాలి, బసలో నీళ్ళు నిలవుంటే పారబొయ్యాలి, తిరిగొచ్చిన రెండు వారాల్లో జ్వరమొస్తే పరీక్ష చేయించుకోవాలి. మాటలన్నీ స్వరూపవి, కింద సంతకం సార్‌ది. నలభై కాపీలు తీయించమని ఆమెకే ఇచ్చారు.

స్వరూప తీయించింది. బోర్డుకు ఒకటి అంటించి మిగతావి పంచే ముందు, పెన్ను తీసి ప్రతి కాపీ మీదా “స్వరూప చెప్పినట్టు” అని రాసింది. మర్నాడు సార్ బోర్డు ముందు ఆగి చదివారు. ఆ కాగితాన్ని అలాగే ఉండనిచ్చి గదిలోకి వెళ్ళిపోయారు.