పుల్లలు వేసిన పెట్టె

నా చిన్నప్పుడు తమిళనాడులో మా కోవిల్‌పట్టి వీధిలో బడికి పోని ఆడపిల్లలందరం అగ్గిపెట్టెలు అతికించేవాళ్లం. నేను తిన్నె మీద జిగురు గిన్నె పెట్టుకుని కూర్చుంటే, ఎదురుగా మంచం మీద మా తాత కబుర్లు చెప్పేవాడు.

ఒక వేసవిలో ఆ కబుర్లు తగ్గిపోయాయి. తాత మాటిమాటికీ ఒంటికని పెరట్లోకి పోయి, చాలాసేపు నిలబడి, విసుగ్గా తిరిగొచ్చేవాడు. నీళ్లు తాగితేనే కదా ఈ బాధ అని నీళ్లు తగ్గించేశాడు. ఇన్నేళ్లు అగ్గిపుల్లల మందు కలిపిన వేడి అని బొడ్డుకి ఆముదం రాసుకున్నాడు. కాళ్లు ఉబ్బాయి. అన్నం చూస్తే వాంతి వచ్చేది. అలాంటి సంగతి కోడలు మామను అడగకూడదు, అందుకని అమ్మ అడగలేదు. నాయన తూత్తుకుడిలో ఉప్పు పనికి పోయి ఉన్నాడు.

పక్కింటి అక్క విరుదునగర్‌లో ఒక ఆసుపత్రిలో ఆయా. వారానికోసారి ఇంటికొచ్చేది. ఆ వారం తాత కాళ్ల వాపు చూసి, నా చేతిలో ఖాళీ అగ్గిపెట్టె పెట్టి, తాత పెరట్లోకి పోయినప్పుడల్లా ఒక పుల్ల వెయ్యమంది. నాకు లెక్క రాదు. పుల్లలు వెయ్యడం వచ్చు. సాయంత్రానికి పెట్టె సగం నిండింది.

అక్క దాన్ని తాత ముందు పెట్టింది.

"ఏందిది?"

"పొద్దుటి నుంచి నీ ప్రయాణాలు తాతా. నీ మనవరాలు టిక్కెట్లు కొట్టింది."

తిడతాడనుకున్నాను. తాత తల వంచుకుని, "ఇన్నిసార్లు పోయినా గ్లాసుడు కూడా రావడం లేదమ్మా. చెప్పుకుందామంటే ఇంట్లో మగోడు లేడు," అన్నాడు.

"మా ఆసుపత్రిలో ఇదే బాధతో నీ వయసోళ్లదే పెద్ద వరస ఉంది. రేపు నువ్వూ కూచో."

మర్నాడు అక్కే బస్సెక్కించింది. ఆసుపత్రిలో గొట్టం పెడితే సంచి నిండిపోయింది. ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం దారిని నొక్కేసిందనీ, లోపల నిలిచిన మూత్రం కిడ్నీలను పాడు చేస్తోందనీ, ఇంకొన్నాళ్లు ఆగితే మనిషి దక్కేవాడు కాదనీ డాక్టరు చెప్పారు. కాళ్ల వాపు తగ్గాక ఆపరేషన్ చేశారు. కిడ్నీలు మునుపటిలా కాలేదు గానీ, తాత నా పెళ్లిలో ముందు వరసలో కూర్చుని భోంచేశాడు.

నాకు మనవడు పుట్టాకే అక్షరాలు నేర్చుకుని ఇది రాస్తున్నాను. తాత సంగతి ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో. మొన్న మా ఆయన నీళ్ల చెంబు పక్కకు జరిపితే, నాకంటే ముందు కోడలే అడిగింది, "ఏం మామా, నీళ్లెందుకు తగ్గించారు?" అని. పక్కింటి అక్కకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.