బోర్డు వెనక కాపురం

మా బాబాయికి ఉన్నది ఒకటే జబ్బు. ఇంట్లో ఏ వస్తువు మీదైనా పిట్ట ఒక గడ్డిపరక తెచ్చి పెట్టిందంటే, ఆ క్షణం నుంచి ఆ వస్తువు పిట్టదే. పిల్లలకు రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా మనుషులకు దాని మీద హక్కు లేదు. ఇలా ఆయన ఇంతవరకు పిట్టలపరం చేసిన ఆస్తుల్లో ఒక స్కూటరు, రెండు పూలకుండీలు, ఉత్తరాల డబ్బా, వీధి తలుపు కాలింగ్ బెల్లు, పిన్ని గొడుగు ఉన్నాయి. ఒక వేసవిలో హాల్లో ఫ్యాను కూడా పోయింది.

ఫ్యాను పైన, కప్పుకు ఆనుకుని ఉండే చిన్న గిన్నెలో పిచ్చుకలు చేరాయి. బాబాయి ఆ పూటే స్విచ్చి మీద అట్టముక్క అంటించాడు: 'వేయరాదు. పైన బాలింత ఉంది.' నెలా పది రోజులు ఇంటిల్లిపాదీ వార్తాపత్రికలతో విసురుకున్నాం. చుట్టాలొస్తే బాబాయి గుసగుసగా మాట్లాడమనేవాడు. వాళ్ళు చెమటలు కక్కుకుంటూ గుసగుసగా మాట్లాడి, గుసగుసగా టీ తాగి, పది నిమిషాల్లో వెళ్ళిపోయేవాళ్ళు.

"ఈ ఒక్క విషయంలో మాత్రం పిట్టలు నాకు మేలు చేశాయి," అనేది పిన్ని.

స్కూటరు సంగతి వేరు. దాని ముందు బుట్టలో గోరింక గూడు పెట్టింది. బాబాయి బండి తాళంచెవి ఒక డబ్బాలో వేసి మూతపెట్టి, గూడు ఉన్నన్నాళ్ళూ షాపుకి బస్సెక్కి వెళ్ళాడు. పోనీ బస్సులో తిన్నగా వెళ్ళాడా అంటే, అదీ లేదు. కిటికీలోంచి తీగ మీద కొత్త పిట్ట కనిపిస్తే దిగిపోయేవాడు. పది గంటలకు తెరవాల్సిన షాపు పదకొండున్నరకు తెరిచేవాడు.

షాపంటే కళ్ళజోళ్ళ షాపు. చూపు పరీక్షకు గోడ మీద అక్షరాల అట్ట ఉంది. బాబాయి దాన్ని వాడేవాడు కాదు. వచ్చినవాళ్ళను కుర్చీలో కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టేవాడు.

"ఆ తీగ మీద గోరింక ఉంది చూడండి. కంటి చుట్టూ పసుపుపచ్చ కనిపిస్తోందా?"

"కనిపిస్తోందండీ."

"ఈ అద్దంతో?"

"ఇంకా బాగా."

"ఇప్పుడు?"

"ఇప్పుడసలేమీ కనపడటం లేదండీ."

"నాకూ కనపడటం లేదు. ఎగిరిపోయింది. ఉండండి, వస్తుంది." పాపం ఆ మనిషి సగం చూపుతో అలా కూర్చోవాల్సిందే. గోరింక వచ్చేది, ఒకోసారి రాకపోయేది. అయినా ఆ షాపుకి జనం తగ్గలేదు. ఆయన ఇచ్చిన అద్దాలతో పిట్ట కనుపాప దాకా కనిపిస్తుందని పేరు.

ఇంట్లో ఈ పిట్టల చట్టం చెల్లడానికి కారణం నానమ్మ. స్కూటరు గొడవలో ఆవిడ తీర్పు చెప్పేసింది. "గుడ్లు పెట్టినదాన్ని వెళ్ళగొట్టే ఇల్లు కాదు మనది. పిల్లలు ఎగిరేదాకా ఎవ్వరూ వేలు పెట్టకండి." అప్పటినుంచి మా ఇంట్లో అది శాసనం. మా నాన్నకు కూడా.

ఆ చివరి మాట మామూలు విషయం కాదు. నాన్న భూముల సర్వేయరు. కొలతల మనిషి. మాట కూడా టేపు పెట్టి కొలిచినట్టు మాట్లాడతాడు. పైవాటాలో మేం, కిందివాటాలో బాబాయివాళ్ళు. బాబాయి తన అన్నకు ఏనాడూ ఎదురు చెప్పలేదు, పిట్టల తరఫున తప్ప.

"ఈయనకి నా మీద కాస్త దయ కలగాలంటే, నేను నోట్లో గడ్డిపరక పెట్టుకుని ఎదురుగా నిలబడాలి," అనేది పిన్ని. ఒకసారి నిజంగానే నిలబడింది. బాబాయి పేపరు దించి చూసి, "ఎండు గడ్డి పనికిరాదు, పచ్చిది తీసుకో," అన్నాడు.

పోయిన ఏడాది నాన్న కారు కొన్నాడు. కారు వచ్చాకగానీ దాన్ని పెట్టడానికి చోటు లేదని ఆ కొలతల మనిషికి తట్టలేదు. వీధిలో పెట్టాడు. మర్నాడే వాన. నాన్న కిటికీలో నిలబడి తడుస్తున్న కారును చూసి, కింద వీధి వైపున్న గదిని చూసి, టేపు తీశాడు.

ఆ గదిలో పదకొండేళ్ళుగా టైలరక్క కుట్టుపని చేసుకుంటోంది. రెండు మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, షట్టరు పైన వెడల్పాటి రేకు బోర్డు. నెలాఖరుకి ఖాళీ చెయ్యమని నాన్న చెప్పాడు. గోడ కొట్టి గేటు పెట్టాలి.

ఆవిడ మెడలో టేపుతోనే మెట్లెక్కి వచ్చింది. "మూడు నెలలు ఆగండి అన్నగారూ. వీధి చివర మందుల షాపు పక్క గది అప్పటికి ఖాళీ అవుతుంది. బడి వాళ్ళ యూనిఫాంలు రెండొందల అరవై జతలు ఒప్పుకున్నాను. బడి తెరిచేలోగా ఇవ్వకపోతే మళ్ళీ నా మొహం చూడరు. ఇప్పుడు మిషన్లు ఎత్తుకుని ఎక్కడికి పోను?"

"మూడు నెలలు కారు వానలో ఉండాలామ్మా?"

"తడిస్తే ఆరుతుంది కదండీ."

"తుప్పు ఆరదు," అన్నాడు నాన్న. మాట అయిపోయింది. బాబాయి అప్పుడు మెట్ల పక్కనే నిలబడి, రెయిలింగు మీద వాలిన పావురం తోక ఈకలు లెక్కపెడుతున్నాడు. ఒక్క మాటైనా విన్నట్టు లేడు.

ఒకటో తారీకు పొద్దున్నే మేస్త్రి సుత్తి పట్టుకుని వచ్చాడు. షట్టరు ముందు స్టూలు వేసుకుని బాబాయి కూర్చుని ఉన్నాడు. నోటికి అడ్డంగా వేలు పెట్టుకున్నాడు.

"ఏమైందిరా?" అంటూ నాన్న దిగివచ్చాడు.

"బోర్డు వెనక పిచ్చుక, అన్నయ్యా. గూడు పడింది."

"ఎప్పుడు?"

"రాత్రికి రాత్రి కట్టేసింది. చురుకైన పిట్ట."

నాన్న బోర్డు వంక చూశాడు. బోర్డు మీద రెండు పిచ్చుకలు కూర్చుని నాన్న వంక చూశాయి. వెనక నుంచి నానమ్మ గొంతు వచ్చింది. "మేస్త్రికి టీ ఇచ్చి పంపించెయ్యండి."

"సరే, గోడ కొట్టం. గది ఖాళీ చేయిస్తే పిట్టకేం?" అన్నాడు నాన్న.

బాబాయి తల అడ్డంగా ఊపాడు. "అదే వద్దు. అది మిషను చప్పుడుకి అలవాటుపడి ఇక్కడ చేరింది. చప్పుడు ఆగితే ఏదో ముప్పు వచ్చిందనుకుంటుంది. గుడ్లు వదిలేసి పోతుంది."

"అంటే ఆవిడ కుడుతూనే ఉండాలంటావా?"

"రోజుకి ఎనిమిది గంటలు తగ్గకుండా చూడాలి."

ఆ రోజు నుంచి నాన్న మిషను చప్పుడు కోసం చెవి రిక్కించడం మొదలుపెట్టాడు. టైలరక్క టీ తాగడానికి లేస్తే పైనుంచి కేకేసేవాడు. "ఏమ్మా, ఆపేశావేంటి?" పిట్టల పిల్లలు పెరిగితేనే కదా కారు లోపలికి వచ్చేది. ఒక మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తే తనే కిందికి దిగి, ఖాళీ మిషను కాసేపు తొక్కి వెళ్ళాడు. సూదిలో దారం తెగిందని ఆవిడ తర్వాత ఫిర్యాదు చేసింది.

అయిదు వారాలు గడిచాయి. "ఇంకా ఎగరలేదా?" అన్నాడు నాన్న.

"అవి ఎగిరాయి. ఇది రెండో కాన్పు," అన్నాడు బాబాయి.

"అప్పుడేనా?"

"పిచ్చుకలు అంతే అన్నయ్యా. విశ్రాంతి తీసుకోవు."

తొమ్మిదో వారంలో నాన్న వేళ్ళ మీద లెక్కవేసి నన్ను పిలిచాడు. పిట్టల లెక్కలు నాకు బాబాయే నేర్పాడు. పొదగడానికి పన్నెండు పదమూడు రోజులు, పిల్లలు ఎగరడానికి పదిహేను. ఇంట్లో బాబాయి తర్వాత ఆ విద్య తెలిసినది నేనే. "నిచ్చెనెక్కి చూడమ్మాయ్. వాడు కాదు, నువ్వు చూడు," అన్నాడు నాన్న.

నిచ్చెన బాబాయి పట్టుకున్నాడు. నాన్న నడుము మీద చేతులు పెట్టుకుని వీధి వైపు నిలబడ్డాడు.

బోర్డు వెనక తొంగిచూశాను. గూడు ఉంది. దోసిలంత, గుండ్రంగా, ఎండుగడ్డి, దూది, తెలుపూ నీలమూ యూనిఫాం గుడ్డ పీలికలు. గుడ్లు లేవు, ఈక లేదు, రెట్ట లేదు. నేను చిన్నప్పటినుంచి ఎన్నో గూళ్ళు చూశాను. కానీ చుట్టూ అంచు మడిచి, మిషను మీద రెండు వరసలు కుట్టిన గూడు చూడటం అదే మొదలు.

కింద మిషను ఆగిపోయింది.

"ఎన్ని ఉన్నాయి?" అన్నాడు నాన్న.

బాబాయి తల ఎత్తి నన్ను చూడటం లేదు. నిచ్చెన మెట్టునే చూస్తున్నాడు.

"నాలుగు నాన్నా. ఇప్పుడిప్పుడే గుడ్లు పగిలాయి. కళ్ళింకా తెరవలేదు."

"ఇంకెన్నాళ్ళు?"

టైలరక్క షట్టరు బయటికి వచ్చి నాన్న వెనక నిలబడింది. నా వైపు చూసి నాలుగు వేళ్ళు ఎత్తింది.

"నాలుగు వారాలు," అన్నాను.

"పదిహేను రోజులన్నావు కదే మొన్న?"

"ఇవి కాస్త నీరసంగా ఉన్నాయి నాన్నా."

నాన్న మేడెక్కేదాకా ఎవరమూ కదల్లేదు. తర్వాత బాబాయిని పక్కకు లాగాను. "గూడుకి అంచు కుట్టించడమేంటి బాబాయ్?"

"నేనెందుకు కుట్టిస్తాను? పోగులు లేస్తున్నాయని ఆవిడే ఊరుకోలేకపోయింది. ఎంత చెప్పినా వినలేదు. 'నా చేతి మీదుగా పోగులు లేచిన సరుకు బయటికి పోదు' అంది." తర్వాత సిగ్గుగా అడిగాడు. "అంచు సంగతి వదిలెయ్. మిగతాది ఎలా ఉంది?"

"ఏ పిట్టా చేరదు."

"చేరలేదు," అన్నాడు దిగులుగా. "బోర్డు మీద రోజూ గింజలు చల్లుతున్నాను. అన్నీ వస్తున్నాయి, తింటున్నాయి, అద్దెకి గది చూడవచ్చినవాళ్ళలా లోపలికి ఒకసారి తొంగిచూసి వెళ్ళిపోతున్నాయి. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను కదా, కట్టగలననుకున్నాను. చూడటం వేరు, కట్టడం వేరు."

నాలుగు వారాల్లో రెండొందల అరవై జతలూ పూర్తయి, మూటలు కట్టి బడికి వెళ్ళాయి. మందుల షాపు పక్క గది ఖాళీ అయింది. టైలరక్క మిషన్లు బండెక్కిన సాయంత్రం బాబాయి మేడ మీదికి వచ్చి, "ఎగిరిపోయాయి అన్నయ్యా. నాలుగూ," అన్నాడు.

మర్నాడు మేస్త్రి బోర్డు విప్పాడు. బోర్డు కిందికి దిగింది, దాంతోపాటు గూడు జారి నాన్న చెప్పుల దగ్గర పడింది. ఆయన వంగి తీసుకున్నాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. అది బాబాయి ఇచ్చిన కళ్ళజోడే కాబట్టి, అందులోంచి దారపు పోగులు కూడా విడివిడిగా కనిపిస్తాయి. గూడును నెమ్మదిగా చుట్టూ తిప్పి చూశాడు. అంచు మీద గోటితో గీసి చూశాడు. గట్టిగా లాగి చూశాడు. ఒక్క కుట్టు కూడా ఊడలేదు.

నేను మేస్త్రి వెనక దాక్కున్నాను. బాబాయి ఆకాశంలోకి చూస్తున్నాడు. అక్కడ పిట్ట లేదు.

"ఒరేయ్," అన్నాడు నాన్న.

"ఏంటన్నయ్యా?"

"ఈ పిట్ట ఎక్కడికి మారింది?"

"వీధి చివర. మందుల షాపు పక్కన."

"మంచి పనితనం," అని నాన్న గూడు ఆయన చేతిలో పెట్టాడు. "గేటు పని పూర్తయ్యేసరికి ఇంకో నెల పడుతుందట. ఈలోగా కారుకి ఒక కవరు కుట్టిపెడుతుందేమో కనుక్కో. అంచు మాత్రం ఇలాగే రెండు వరసలు వెయ్యమను."