మల్లెపూలు కట్టిన రోజులు

మెటర్నిటీ లీవు అయిపోయి డ్యూటీలో చేరిన కొత్తలో, పిల్లల వార్డులో ఒక బాబుకు ఇంజెక్షన్ ఇస్తుండగా నాకు చలిజ్వరంతో వణుకు పుట్టింది. ఎడమ రొమ్ము రాయిలా గట్టిపడి ఉంది. నా బిడ్డ లలిత హనుమకొండలో అత్తమ్మ దగ్గర, నేను వరంగల్ దవాఖానలో. వార్డులో ఏ పసిపాప ఏడ్చినా నాకు పాలు చేపుకొచ్చేవి. జాకెట్లో గుడ్డ మడతలు పెట్టుకుని తిరిగేదాన్ని. పిండేసుకుందామంటే చాటూ లేదు, తీరికా లేదు.

జ్వరం తగ్గకపోతే సర్జన్‌కు చూపించుకున్నాను.

"ఆబ్సెస్ అయింది సిస్టర్. ఇన్సిషన్ అండ్ డ్రైనేజ్ చెయ్యాలె. పాలు బంద్ చెయ్యి," అన్నాడాయన.

ఏ వైపు పాలు ఆపాలో, ఎన్నాళ్లో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. వణికిపోతున్న మనిషి ఏమడుగుతుంది?

గడ్డ కోసి చీము తీసి కట్టు కట్టారు. ఇంటికొచ్చాక అత్తమ్మ మల్లెపూలు గుచ్చి, కట్టు లేని కుడి రొమ్ము మీద పరిచి గుడ్డతో బిగించింది.

"పూలు కడితే పాలు ఇంకుతయి బిడ్డా. నీకు జర ఆరాం అయితది," అంది.

ఆమె ప్రేమకు వంక పెట్టలేను. అవతలి గదిలో లలిత ఏడిస్తే పూలు తడిసేవి. అవి తీసేసి అత్తమ్మ కొత్తవి పెట్టేది. కొన్నాళ్లకు లలిత ఎంత ఏడ్చినా పూలు పొడిగానే ఉన్నాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది.

సీసాతో పట్టిన డబ్బా పాలు లలితకు పడలేదు. విరేచనాలు పట్టుకుని కళ్లు లోతుకు పోయాయి. నా వార్డులోనే, రోజూ నేను దుప్పటి పరిచే మంచం మీదే నా బిడ్డకు సెలైన్ పెట్టారు. అలాంటి పిల్లలు కొందరు నా చేతుల్లోనే చల్లబడ్డారు. అందుకే దాని పాదాలు పట్టుకుని కూర్చున్నాను. వెచ్చగానే ఉన్నాయా అని మాటిమాటికీ చూసుకున్నాను.

పిల్లల డాక్టరమ్మ ఎడమవైపు నా కట్టు చూసి, డబ్బా పాల సంగతి విని అడిగారు. "కుడి దిక్కు ఏమైంది సిస్టర్?"

"ఏం కాలే మేడమ్. మంచిగనే ఉంది. పాలు ఎండగొట్టినం."

"చీము ఎడమ దిక్కైతే కుడి దిక్కు ఎందుకు బంద్ చేసిన్రు? బిడ్డకు పట్టియ్యి. చీకితే మళ్ల వస్తయి, ఫికర్ చెయ్యకు."

పట్టించాను. కాసేపు చీకి, ఏమీ రాక, లలిత మొహం తిప్పుకుంది. నా బిడ్డ నన్ను మరిచిపోయిందని ఏడ్చాను. అయినా ఉగ్గుగిన్నెతో ఆవుపాలు పోస్తూ, పోసే ముందు ప్రతిసారీ రొమ్ముకు పట్టిస్తూ వచ్చాను. ఒకరోజు పక్క మంచం మీది పాప ఏడ్చింది. నా జాకెట్టు కుడివైపు తడిసింది. గబగబా లలితను ఒళ్లోకి తీసుకున్నాను. ఈసారి గుటక వినిపించింది.

లలిత ఇప్పుడు బడికి పోతోంది. నేను అదే వార్డులో ఉన్నాను. ఎండాకాలం బస్సులో ఎవరి జడలోంచైనా మల్లెల వాసన వస్తే నా చేయి కుడి రొమ్ము మీదికి పోతుంది, తడి ఉందా అని. అత్తమ్మ దండ కడితే లలిత జడలో పెడుతుంది, నాకు ఇవ్వదు. ఎందుకని నేను అడగను, ఆమె చెప్పదు.

డ్యూటీకి పోయే తల్లులకు ఒక్కటే చెబుతాను. పాలు ఆపమని ఎవరు చెప్పినా, ఎంత నొప్పిలో ఉన్నా, "ఏ వైపు? ఎన్నాళ్లు?" అని అడిగాకే గది దాటండి.