పని ఎప్పుడు అయినట్టు?

మొన్న మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఆ మాడిన నూనె వాసన ముక్కుకు తగలగానే ఖాదర్ సార్ గుర్తొచ్చారు. ఎనభైల్లో కల్వకుర్తి వైపు కరెంటు ఆఫీసులో నేను గుమాస్తాగా చేరేనాటికి ఆయన మా ఇంజనీరు. కొత్తగా బదిలీ మీద వచ్చారు.

యాసంగిలో బావుల మీద మోటార్లన్నీ ఒక్కసారే నడిచేవి, ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయేవి. రైతులే ట్రాక్టరు మాట్లాడుకొని వాటిని మా షెడ్డుకు తెచ్చేవారు. మెకానిక్ బాగుచేసిన రోజే పని పూర్తయిందని పై ఆఫీసుకు రాసేవాళ్లం. ఆ తర్వాత ఆ ట్రాన్స్‌ఫార్మర్ సంతకాల కోసం షెడ్డులోనే వారాల తరబడి పడి ఉండేది. అయినా కాగితాల మీద అంకెలు బాగుండటంతో జిల్లాలో మంచి పేరు మాదే. నవ్వాలో ఏడవాలో తెలియని పేరు!

ఒక మధ్యాహ్నం అంజమ్మ అనే రైతు వచ్చి సార్‌ను నిలదీసింది.

"మాది మంచిగైందని మీరే అంటున్నరు గదా సారూ, మరి మా పల్లిచేను ఎందుకు ఎండుతాంది?"

సార్ షెడ్డులోకి తొంగిచూశారు. వాళ్ల ట్రాన్స్‌ఫార్మర్ కొత్త రంగుతో అక్కడే ఉంది. అప్పటికప్పుడు సంతకం పెట్టి ట్రాక్టరు ఎక్కించారు. నన్ను కూడా జీపులో కూర్చోమని వెనకాలే ఆ ఊరికి బయలుదేరారు. ట్రాన్స్‌ఫార్మర్‌ను దిమ్మె మీద నిలబెట్టి లైన్‌మన్ కరెంటు ఇచ్చాడు. మోటారు మోగింది. అయినా సార్ గట్టు మీంచి లేవలేదు. నీళ్లు చేను చివరి మడికి చేరాక నావైపు తిరిగారు.

"గిప్పుడు రాయమ్మా, పని అయిందని."

ఆ నెల నుంచి మా ఆఫీసులో అదే పద్ధతి. మా అంకెలు పడిపోయాయి. పై అధికారి వచ్చి మా అందరి ముందే కేకలేశాడు.

"ప్రమోషన్ ముందట పెట్టుకొని గిదేం పని ఖాదర్ సాబ్? పాత తీరుగనే రాయించు."

"షెడ్డుల మంచిగైతే చేను తడుస్తలేదు గద సార్," అన్నారాయన నెమ్మదిగా.

ఆ ప్రమోషన్ ఇంకొకరికి పోయింది. సార్‌కు బాధ లేదని చెప్పను. కొన్నాళ్లు మాతో కలిసి భోజనానికి కూడా కూర్చోలేదు. కానీ వెనక్కి తగ్గలేదు. కాలినది దించి, ముందే బాగుచేసి ఉంచిన ఇంకోదాన్ని అదే ట్రాక్టరు మీద పంపే ఏర్పాటు చేశారు. మరుసటి యాసంగికి మా గేటు దగ్గర పడిగాపులు పడే రైతులు లేరు.

మొన్న సాయంత్రం మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ మార్చిన లైన్‌మన్ పనిముట్లు సర్దుకుంటూ, "అయిపోయింది మేడం," అన్నాడు.

"ఆ చివరి ఇంట్లో ఫ్యాను తిరుగుతున్నదా?" అని అడిగాను.

అతను సంచి కింద పెట్టి అటు నడిచాడు.