చైనా హోటల్‌కి మోసుకెళ్ళిన కుక్కర్

ఆ హోటల్ గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. పాపం, హోటల్ తప్పేమీ లేదు.

అమెరికాలో మేముండే బాతెల్ నుంచి కార్‌లో నాలుగు గంటల దూరం. కొండల మధ్య ఒక చైనా కుటుంబం ఎప్పుడో కట్టించిన పెద్ద రిసార్ట్ అది. ఎర్ర స్తంభాల మీద బంగారు రంగు డ్రాగన్లు పెచ్చులూడుతున్నాయి. లాబీలో ఫౌంటెన్ ఎండిపోయి, అడుగున నాణేలు మాత్రం మిగిలాయి. మూడు లిఫ్టుల్లో ఒకటే కదులుతుంది. అందులోనూ నాలుగో అంతస్తు బటన్ లేదు, ఆ అంకె వాళ్ళకు అచ్చిరాదట. అంత పెద్ద హాలు అంత చవగ్గా ఇంకెక్కడా దొరకదని కాన్ఫరెన్స్ వాళ్ళు దాన్ని బుక్ చేశారు.

వెళ్ళింది నలుగురం. మా మేనేజర్, ఇద్దరు జూనియర్లు, నేను. అందరం తెలుగువాళ్ళమే. మేనేజర్‌ని ఆఫీసులో పేరుతో పిలుస్తాను, తెలుగులోకి దిగితే అన్నా అంటాను. ఆయన మాత్రం ఎక్కడైనా సరే చెల్లెమ్మా అనే అంటాడు. నా పేరు ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. ఆ పిలుపుకు కరిగిపోయేదాన్ని. గ్రీన్‌కార్డ్ ఫైలు ఆయన చేతుల మీదుగా నడవాలి కాబట్టి ఇంకాస్త ఎక్కువే కరిగేదాన్నేమో.

ఆ కాన్ఫరెన్స్‌లో నాకు ఇరవై నిమిషాలిచ్చారు. ల్యాబ్‌లో రక్తం శాంపిళ్ళు చదివే మెషీన్లు ఉత్తుత్తినే అలారం మోగించకుండా ఆపే పద్ధతి ఒకటి నేను తయారుచేశాను. నెలల తరబడి శని, ఆదివారాలు దానికే ధారపోశాను. అమెరికా వచ్చిన ఎనిమిదేళ్ళలో నా పని గురించి నా నోటితో పదిమందిలో చెప్పబోవడం అదే మొదటిసారి.

బయల్దేరే ముందురోజు అన్న ఫోన్ చేశాడు.

“చెల్లెమ్మా, అది చైనీస్ హోటల్. వెజ్ అన్నా కూడా ఏదో ఒకటి కలిపేస్తారు. నీ రైస్ కుక్కర్ పట్రా. కాస్త బియ్యం, కందిపొడి, ఆవకాయ పెట్టుకో.”

పట్టుకెళ్ళాను. కుదరదనడానికి నోరు రాలేదు. స్టేజ్ మీదకని ఇస్త్రీ చేసుకున్న బట్టల పక్కన కుక్కర్ సర్దుకున్నాను చూడండి, అందుకు నన్ను నేనే చెప్పుచ్చుక్కొట్టుకోవాలి.

నా టాక్ మేం హోటల్‌కి చేరిన మర్నాడు రెండు గంటలకు. పదకొండున్నరకే అన్న పక్క కుర్చీలోంచి వంగాడు. “చెల్లెమ్మా, నువ్వెళ్ళి రైస్ పడెయ్. ఒంటిగంటకి అందరం నీ రూమ్‌కి వచ్చేస్తాం.”

గదికి వెళ్ళి బియ్యం కడిగి ప్లగ్ పెట్టాను. టప్‌మంది. గదిలో కరెంట్ మొత్తం పోయింది.

తడి చేతులతో బయటికొస్తే, దుప్పట్ల బండి తోసుకుంటూ ఒక చైనా ఆవిడ కనిపించింది. మా అమ్మ వయసుంటుంది. లోపలికి తొంగిచూసి కుక్కర్‌నీ నన్నూ మార్చి మార్చి చూసింది. “రైస్? వుయ్ హావ్ రైస్!” అని పగలబడి నవ్వింది. చెయ్యి పట్టుకుని కింద వంటింటికి తీసుకెళ్ళింది. అక్కడ నా నడుమంత ఎత్తు పాత్రల్లో తెల్లటి వట్టి అన్నం పొగలు కక్కుతోంది. చైనావాళ్ళ హోటల్‌కి అన్నం వండుకోవడానికి కుక్కర్ మోసుకెళ్ళిన తెలివి మాది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ముందురోజు బఫేలో ఒక్కరమూ అడగలేదు, చిప్స్ నమిలి లేచొచ్చాం.

ట్రే నిండా అన్నం పెట్టించుకుని ఆవిడ చూపించిన దారిన నడిస్తే, అది కాన్ఫరెన్స్ హాలు వెనక తలుపు దగ్గర తేలింది. లోపల మైకులో నా వాక్యం వినిపించింది. అద్దం ముందు నిలబడి ఇరవైసార్లు చెప్పుకున్న వాక్యం, అన్న గొంతులో. తెర మీద నా స్లైడ్లు. ఆఖరి స్లైడ్ మీద ఆయన పేరు, దాని కింద ‘టీమ్’ అన్న ఒక్క ముక్క. జనం చప్పట్లు కొట్టారు.

అన్న స్టేజ్ దిగొచ్చి నన్ను చూశాడు. మొహంలో తప్పు చేసిన ఛాయ కూడా లేదు.

“పన్నెండింటి స్పీకర్ రాలేదు చెల్లెమ్మా, మన స్లాట్ ప్రీపోన్ చేశారు. నువ్వు రైస్ పనిలో ఉన్నావు కదా, డిస్టర్బ్ చేయడమెందుకని నేనే మేనేజ్ చేసేశా.”

ట్రే పక్కన పెట్టి ఫోన్ చూశాను. ఒక్క మిస్డ్ కాల్ లేదు. నాకు ఫోన్ చేయడానికి తీరిక లేదు గానీ, స్లైడ్ మీద పేరు మార్చడానికి దొరికింది. అయినా నేనన్న మాటేమిటో తెలుసా? “పర్లేదన్నా.”

ఒంటిగంటకు ముగ్గురూ నా గదిలో కాగితం ప్లేట్లు పట్టుకుని కూర్చున్నారు. జూనియర్ ఒకతను రెండు ముద్దలు తిని అడిగాడు. “అక్కా, ఇదేంది ముద్దముద్దగున్నది? సోనా మసూరి కాదా?”

“కాదు. ఈ హోటల్ వంటింట్లోది.”

అన్న చెయ్యి ప్లేట్‌లోనే ఆగిపోయింది. “కిచెన్‌లోదా? ఏ గిన్నెలో వండారో ఏమో! ఎవరు వండారు చెల్లెమ్మా? అడిగావా అసలు?”

అప్పుడు తెగింది నా ఓపిక.

“అన్నం ఎవరు వండారో అడగాలని తెలిసింది కదన్నా. మరి ఇందాక మీరు స్టేజ్ మీద వడ్డించింది ఎవరు వండారో ఎందుకు చెప్పలేదు?”

జూనియర్లిద్దరూ తలలు దించుకున్నారు.

“అదేంటి చెల్లెమ్మా, ఇలా అందరి ముందు...”

“అందరి ముందే కదా మీరు చెప్పింది.”

ఆయన ప్లేట్ పక్కన పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. గ్రీన్‌కార్డ్ ఫైలు కళ్ళముందు తిరిగింది. అయినా వెనకాల పరిగెత్తి సారీ చెప్పలేదు. కూర్చుని, ఆ అన్నంలోనే ఆవకాయ కలుపుకుని కడుపునిండా తిన్నాను.

తిరుగు ప్రయాణంలో నాలుగు గంటలూ కార్‌లో మాటల్లేవు. ఇల్లు దగ్గరపడ్డాక ఒక్కసారి మాత్రం, నన్నెక్కడ దింపాలని అడగడానికి, అన్న నన్ను పేరు పెట్టి పిలిచాడు. చెల్లెమ్మా అనలేదు. నా పేరు మొత్తం, తప్పు లేకుండా, స్పష్టంగా పలికాడు. ఆ ఒక్క మాట స్టేజ్ మీద పలకడానికి ఆయనకేం రోగమొచ్చింది?