యంత్రం చేతి మీద ఉప్పు

నాకు కుదురు లేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఆ రోజుల్లో అయితే అసలే లేదు. ఈ దీవిలో, మాయాబందర్ అవతల, వలసవచ్చి స్థిరపడ్డవాళ్ళ సెటిల్మెంటు ఊళ్ళకి నీళ్ళ పైపు వేయడానికి కొండ వారగా కందకం తవ్వుతున్నారు. తవ్వే యంత్రానికి మెకానిక్కుని నేను. ఏ చిన్న సామాను కావాలన్నా మద్రాసు నుంచి ఓడలో రావాలి. ఓడ ఎప్పుడొస్తుందో ఓడకే తెలియదు.

యంత్రం చెయ్యి మన చెయ్యి లాంటిదే. భుజం, మోచెయ్యి, మణికట్టు. ప్రతి కీలుకీ ఒక లావుపాటి పిన్ను, దాని చుట్టూ బుష్షు అనే లోహపు తొడుగు. రోజూ పొద్దున్నే గ్రీజు ఎక్కించకపోతే అవి అరిగి చెయ్యి వదులైపోతుంది. ఆ చేతిని ఎత్తేదీ దించేదీ సిలిండరు. అందులోంచి బయటికొచ్చే రాడ్డు అద్దంలా నున్నగా ఉండాలి. దాని మీద ఆవగింజంత గుంట పడినా చాలు, లోపలి రబ్బరు సీలు చిరిగి నూనె కారిపోతుంది. ఎత్తిన చెయ్యి తనంతట తనే దిగిపోతుంది. దాని కిందే, కందకంలో, మనుషులు పని చేస్తుంటారు.

కొత్త సీలు వేసిన నెలకే మళ్ళీ చిరిగింది. ఓ మధ్యాహ్నం అందరూ అన్నాలు తింటుంటే, ఎత్తి ఉంచిన చెయ్యి జానెడు కిందికి దిగడం కళ్ళారా చూశాను. కంచం వదిలేసి లేచాను. వెళ్ళి రాడ్డు మీద వేలు రాసి నాలుకకి తాకించాను. ఉప్పు! ఉప్పునీళ్ళు తగిలితే రాడ్డు తుప్పుపట్టి గుంటలు పడుతుంది.

ఒళ్ళు మండిపోయింది. సాయంత్రం పూట యంత్రం మీది బురద కడగడం వాచ్‌మన్ పని. రాంచీ వైపు మనిషి, యార్డు పక్కనే రేకుల గదిలో భార్యతో ఉండేవాడు. మంచినీళ్ళు గుట్ట మీది బావి నుంచి మోసుకురావాలి. సముద్రమేమో పక్కనే ఉంది. బద్ధకం కాక మరేమిటి? ఇరవై మంది ముందు నోటికొచ్చినట్టు తిట్టాను.

"మైనే నహీ కియా, భయ్యా," అన్నాడు. తను చేయలేదని ఒక్క మాటే. నా ముఖంలోకి అదోలా చూసి తల దించుకున్నాడు. దొంగచూపు అనుకున్నాను. కాంట్రాక్టరుకి చెప్పేశాను. సామాను దిగే ఓడలోనే వాణ్ణి ఎక్కించేస్తానన్నాడాయన.

యంత్రాన్ని ఆపించి, చేతిని నేల మీద ఆనించి, ఓడ కోసం కూర్చున్నాం. కూర్చోవడం నా వల్ల అయ్యే పనా? ఓ రోజు తెల్లవారుతుండగానే యార్డుకి వెళ్ళాను. రాడ్డు దగ్గర ఎవరో వంగి కొబ్బరిపీచుతో తోముతున్నారు. పక్కన బాల్చీ నిండా సముద్రం నీళ్ళు. తీరా చూస్తే మా మావ!

మావ, అంటే మా ఆవిడ నాన్న, ఉత్తరాంధ్ర రేవు నుంచి వచ్చి ఇక్కడే చేపలు పట్టి బతికినవాడు. చూపు మందగించి కిందటేడే పడవ దిగాడు. మా ఇంట్లోనే ఉండేవాడు.

"ఏటి మావా ఇది?"

"కడుగుతన్నానల్లుడా. పడవని రోజూ ఉప్పునీల్లతోనే కదేటి కడుగుతాం? మంచినీల్లు తగిల్తే సెక్క కుల్లిపోద్ది. నీ మిసనుకి సంటిపిల్లకి పోసినట్టు పోత్తన్నాను, సూడు!"

గర్వంగా నవ్వాడు. చెక్క సంగతి ఆయనకి తెలిసినంత ఈ దీవిలో ఎవరికీ తెలియదు. ఇనుము సంగతి ఎవరు చెప్పారు గనక? నేనైనా చెప్పానా? అప్పుడు గుర్తొచ్చింది, వాచ్‌మన్ చూసిన చూపు. వాడికి మొదటి నుంచీ తెలుసు.

ఆ రోజంతా కాలు కాలిన పిల్లిలా తిరిగాను. కాంట్రాక్టరు గుడారం దాకా మూడుసార్లు వెళ్ళి మూడుసార్లూ వెనక్కొచ్చాను. చెబితే మావ పరువు, నా పరువు పోతాయి. చెప్పకపోతే ఒకడి కూడూ గూడూ పోతాయి. మా ఆవిడతో అంటే, "తిట్టేటప్పుడు ఇంత ఆలోచించావా?" అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు పొద్దున్నే ఓడ కూత వినబడింది. రేకుల గదికి పరిగెత్తాను. అప్పటికే పెట్టె కట్టేసి ఉంది. తప్పు మా ఇంటిదని చెప్పాను. తెలిసీ ఎందుకు ఊరుకున్నావని అడిగాను. మా మధ్య ఉండి తెలుగు నేర్చినవాడే.

"ముందు నువ్వే పంపినావనుకున్నా. తిట్టినప్పుడు తెలిసింది, నీకు మాలూమ్ లేదని. అందరి ముందు ముసలి బాబాకి బేఇజ్జతీ, సిగ్గు ఎందుకు?"

"కాంట్రాక్టరుకి నేను చెబుతాను. ఉండిపో."

"ఇరవై మంది ముందు తిట్టినావు, భయ్యా. ఇరవై మంది ముందే చెప్పు."

చెప్పాను. అందరినీ యంత్రం దగ్గరికి పిలిచి చెప్పాను. "ఇతను కడగలేదు. ఉప్పునీళ్ళు మా ఇంటి మనిషే పోశాడు. తెలుసుకోకుండా నోరు పారేసుకున్నాను, తప్పు నాది." కాంట్రాక్టరు నన్ను నాలుగు తిట్టి వాచ్‌మన్‌ని ఉండమన్నాడు. కంచె అవతల నిలబడ్డ మావని నేను చూసుకోలేదు. ఆయన లోపలికొచ్చి, రాడ్డు మీది గుంటల్ని వేలితో ఒక్కొక్కటే తడిమాడు.

"నేనేనేటి?" అన్నాడు.

వాచ్‌మన్ గుట్టెక్కి, బావి నీళ్ళ బాల్చీ తెచ్చి ఆయన ముందు పెట్టాడు. "లో బాబా, ధో లో," అంటూ దీంతో కడగమన్నాడు.

మావ నీళ్ళలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. నమ్మకం కుదరక మళ్ళీ ముంచి చూశాడు. ఆ తర్వాతే రాడ్డు మీద పోశాడు.